జాబితా ఎవరు రాస్తరు?

(ప్రజలే పెట్టుకునే ఆన్‌లైన్ ఓటు గురించి నల్లగొండ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు, ముందు వరుసలో నోటుబుక్కులు తెరిచి కూసున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నమస్కారం.

నాకు ఇచ్చిన విషయం బరువైంది. ఒక జాతి గానీ ఒక ప్రాంతం గానీ తన రాజకీయ భవిష్యత్తును తానే తేల్చుకోవాలనుకుంటది. ప్రభుత్వమేమో ఓటింగు పెట్టనంటది. అప్పుడు ప్రజలే తమ చేతిలోని ఫోన్లతోని ఆన్‌లైన్‌లో ఓటింగు పెట్టుకుంటే, స్వయం నిర్ణయానికి అది ఇంకో తొవ్వ అయితదా, కాదా?

నేను అనుకునేది మొదలే చెప్పేస్త. ప్రజలు పెట్టుకునే ఓటుకు విలువ ఉన్నది. దాన్ని తేలిగ్గ తీసేసేటోళ్లతోని నేను కలవను. అయితే అది రాజ్యాన్ని తెచ్చియ్యదు, సాక్ష్యాన్ని తెచ్చిస్తది. భూమి తగాదాలు చూసినోళ్లకు ఇది తొందరగ అర్థమైతది. పాత పహాణీలో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేది. అనుభవదారు కాలమ్‌లో పేరెక్కినంత మాత్రాన భూమి ఆయనది కాకపోయేది. కానీ ఆర్డీవో ముంగట, కోర్టు ముంగట "ఇన్నేండ్ల సంది దున్నుకుంటున్నది నేనే" అని నిలబడెటందుకు ఆ ఎంట్రీ పనికొచ్చేది. ప్రజలే పెట్టుకున్న ఓటు అసొంటి ఎంట్రీ. అది దొంగ ఎంట్రీ అని తేలితే మాత్రం అసలు కేసు కూడ చెడిపోతది. అందుకే ఈ పొద్దు నేను సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ, జాబితా గురించి ఎక్కువ మాట్లాడ్త. ఓటర్ల జాబితా ఎవరు రాసిన్రు? అందులో ఎవరున్నరు? "వద్దు" అనేటోడు కూడ నమ్మి వచ్చి ఓటేసిండా? ఈ మూడింటికి జవాబు లేకుంటే ఎన్ని లక్షల మంది బటన్ నొక్కినా లాభం లేదు.

నల్లగొండలో నిలబడి ఓటు గురించి మాట్లాడుతూ 1996 ముచ్చట ఎత్తకుండ ఉండలేను. ఈ హాల్లో ఉన్న పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టలేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు బోరునీళ్లలో ఫ్లోరైడు. పళ్ల మీద గార, వంకరపోయిన కాళ్లు, నడీడు రాకముందే వంగిపోయిన నడుములు. జిల్లా అంచునే కృష్ణ పారుతది, సాగర్ డ్యాము ఇక్కడనే ఉన్నది, తాగెటందుకు మాత్రం మంచినీళ్లు లేవు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి అప్పుడు లోక్‌సభ సీటుకు వందల మందితోని నామినేషన్లు వేయించింది. చివరికి బరిలో 480 మంది నిలబడ్డరు. ఒక్క సీటుకు 480 మంది! ఎన్నికల సంఘం ఇక్కడ పోలింగు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. ఓటరు పేజీలు తిప్పుకుంటూ తన గుర్తు వెతుక్కోవాలె, ముద్ర గుద్దాలె, ఆ పుస్తకాన్ని మడిచి డబ్బాలో వేయాలె. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. నామినేషన్లు వేసినోళ్లలో దాదాపు అందరి డిపాజిట్లు పోయినయి. వాళ్లు గెలిచెటందుకు నిలబడలేదు. నల్లగొండ నీళ్ల సంగతి ఢిల్లీ చెవిన పడెటందుకు నిలబడ్డరు.

ఢిల్లీ విన్నది. విని ఏం చేసింది? అదే ఏడు చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. గుర్తింపు పార్టీ లేని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నది. తమిళనాడు మొడక్కురిచ్చిలో కూడ అదే 1996లో అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డరు కాబట్టి నల్లగొండ ఒక్కటే కారణమని నేను అనను. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు అదే పని చేసిన్రు. 185 మంది అభ్యర్థులు, వాళ్లలో ఎక్కువమంది రైతులే. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది.

ఇందులో నాకు ముఖ్యంగ కనపడేది ఒకటుంది. ఆ రైతులు, ఆ ఫ్లోరైడు ఊర్ల మనుషులు సొంతంగ ఎన్నిక పెట్టుకోలేదు. సర్కారు జాబితా, సర్కారు డబ్బా, సర్కారు లెక్కింపు. దాని లోపలికి తమ ప్రశ్నను తోసిన్రు. అందుకే ఆ 480ని ఎవ్వడూ అబద్ధమనలేకపోయిండు. ప్రజలు తమంతట తాము పెట్టుకునే ఓటుకు ఈ సౌకర్యం ఉండదు. జాబితా నుంచి లెక్కింపు దాకా అన్నీ వాళ్లే నమ్మించుకోవాలె.

ఇగ తెలంగాణ ముచ్చట. మనల్ని ఎన్నడన్న నేరుగ అడిగిన్రా? 1955లో రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ ఏం రాసిందంటే, ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రం విడిగ ఉండాలె, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు ఆంధ్రతోని కలవచ్చు. అంటే అడిగి కలపాలన్నది. అడగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు, నవంబరు 1న కలిపిన్రు. 1969లో అంత పెద్ద ఉద్యమం వచ్చినా అడగలేదు. 1971లో తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచింది. అది జవాబు కాకపోతే ఇంకేది జవాబు? అయినా దాన్ని జవాబుగ తీసుకోలేదు.

ఎవ్వరూ అడగకపోయేసరికి మనోళ్లు ఉప ఎన్నికలనే రెఫరెండం చేసుకున్నరు. రాజీనామా చేసుడు, మళ్ల గెలిచి చూపిచ్చుడు. 2008లో టీఆర్ఎస్ 16 అసెంబ్లీ సీట్లకు రాజీనామాలు చేసి 7 మాత్రమే తిరిగి గెలిచింది. వెంటనే "తెలంగాణ సెంటిమెంట్ లేదు" అన్నరు. 2010 జులైలో 12 సీట్లకు ఉప ఎన్నికలైతే 11 టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి వచ్చినయి. "సెంటిమెంట్ ఉప్పొంగింది" అన్నరు. 2012 మార్చిలో పాలమూరును చూడుండ్రి: కొల్లాపూర్‌లో టీఆర్ఎస్, మహబూబ్‌నగర్‌లో బీజేపీ, నాగర్‌కర్నూల్‌లో ఇండిపెండెంట్. ముగ్గురూ తెలంగాణ కావాలన్నోళ్లే. మరి ఆ ఓటు తెలంగాణకు పడ్డదా, అభ్యర్థికి పడ్డదా, పార్టీకి పడ్డదా, కులానికి పడ్డదా? విడదీసి చెప్పేటోడు లేడు. ఉప ఎన్నికకు జాబితా గట్టిగ ఉంటది కానీ ప్రశ్న చెదిరిపోయి ఉంటది.

చివరికి 2014లో జరిగింది గుర్తు చేసుకోండి. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం బిల్లును రాష్ట్ర శాసనసభకు అభిప్రాయం కోసం పంపాలె. అభిప్రాయం అంతే, అనుమతి కాదు. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతోని బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్నే ఆమోదించింది. జాబితా ఎంత పని చేస్తదో ఇందులో మొత్తం కనపడ్తది. ఇరవై మూడు జిల్లాలను అడిగితే జవాబు వద్దు. పది జిల్లాలను అడిగితే జవాబు కావాలె. ప్రశ్న అదే, ఏడు అదే. ఎవరిని అడిగినమనేదే మారింది. స్వయం నిర్ణయం గురించి ప్రపంచంలో ఎక్కడ తగువు జరిగినా అడుగున ఉండేది ఇదే. "ప్రజలు నిర్ణయించాలె" అంటే అందరూ తలూపుతరు. ఏ ప్రజలు అంటేనే కొట్లాట మొదలైతది.

ఇక్కడ ఒక గీత గీసి చెప్పాలె, లేకుంటే నా మాటను వేరే తీరుగ పట్టుకుంటరు. తెలంగాణ అడిగింది దేశం లోపల రాష్ట్రం. రాజ్యాంగం లోపల, దాని తొవ్వలోనే సాధించుకున్నది. దేశం నుంచి విడిపోవుడు వేరే ముచ్చట. మన రాజ్యాంగంలో దానికి తొవ్వ లేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక మొదటి అధికరణే స్వయం నిర్ణయ హక్కు. 1979లో ఆ ఒడంబడికలో చేరినప్పుడు భారత ప్రభుత్వం, ఆ హక్కు విదేశీ పాలన కింద ఉన్న ప్రజలకే వర్తిస్తదని ప్రకటన జతచేసింది. కెనడా సుప్రీంకోర్టు 1998లో, క్యుబెక్ రాష్ట్రం విడిపోవుడు గురించిన కేసులో చెప్పింది నాకు ఇంకా పనికొచ్చే మాట అనిపిస్తది. ఏకపక్షంగ విడిపోయే హక్కు లేదు, కానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే అవతలోళ్లు కూసొని మాట్లాడాల్సిందే అన్నది. ఓటు చేతికి ఇచ్చేది చర్చల బల్ల దగ్గర ఒక కుర్చీ. ఆ కుర్చీ దాకా పోవాలన్నా ఓటు నమ్మదగ్గదై ఉండాలె.

మన దేశంలోనే రెండు ఉదాహరణలు పక్కపక్కన పెడ్త. 1948 ఫిబ్రవరిలో గుజరాత్ దిక్కు సంస్థానమైన జునాగఢ్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. భారత్‌కు 1,90,779 ఓట్లు, పాకిస్తాన్‌కు 91. పెట్టింది ప్రభుత్వం. 1951 మే 16న నాగా నేషనల్ కౌన్సిల్ తానే అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. కార్యకర్తలు ఊరూరు తిరిగి కాగితాల మీద వేలిముద్రలు తీసుకున్నరు. స్వాతంత్ర్యానికి 99.9 శాతం అని ప్రకటించిన్రు. భారత ప్రభుత్వం దాన్ని ఒప్పుకోలేదు. 1952 సాధారణ ఎన్నికలను నాగాలు బహిష్కరించిన్రు. ఈ రెండు అంకెల్లో ఏది నిజం, ఏది కాదు అని నేను తీర్పు చెప్ప. రెండూ దాదాపు ఏకగ్రీవాలే. ఒకటి చరిత్ర పుస్తకంలో తేలిన లెక్క అయింది, ఇంకోటి డెబ్బై ఏండ్లు దాటినా తేలని తగాదా అయింది. పెద్ద అంకె తనంతట తాను ఏమీ తేల్చదని తెల్వాలంటే ఈ జంటను గుర్తు పెట్టుకోండి. 99 శాతం అని ఎవరు చెప్పినా, సర్కారు చెప్పినా ఉద్యమం చెప్పినా, వద్దన్నోళ్లు ఆ రోజు ఎక్కడున్నరు అని నేను మొదట అడుగుత.

ఆ వేలిముద్రల కాగితాలే ఇప్పుడు ఫోన్లోకి వచ్చినయి. ఫోను వచ్చినంక ఏం మారిందో చూద్దాం.

ఇటలీలో వెనిస్ నగరమున్న ప్రాంతం వెనెతో. 2014 మార్చి 16 నుంచి 21 దాకా అక్కడి స్వాతంత్ర్యవాదులు ఆన్‌లైన్ ఓటు పెట్టిన్రు. 23 లక్షలకు పైగ మంది ఓటేసిన్రని, 89 శాతం స్వాతంత్ర్యం కావాలన్నరని ప్రకటించిన్రు. ఆ ప్రాంతంలో మొత్తం ఓటర్లు 37 లక్షల చిల్లర. అంటే అసలు ఎన్నికల్లో వచ్చినంత జనం ఒక వెబ్‌సైటుకు వచ్చిన్రనాలె. ఆ సైటుకు వచ్చిన రద్దీ చూస్తే అన్ని ఓట్లు కుదరవని, అందులో కొంత రద్దీ వేరే దేశాలది అని అక్కడి పత్రికలు రాసినయి. జాబితాను గానీ లెక్కను గానీ బయటోడు తనిఖీ చేసే దారి లేకపాయె. దాంతోని నిజంగ ఓటేసిన వేల మంది, లక్షల మంది మాట కూడ నవ్వులపాలైంది. నాకు బాధనిపించేది అక్కడ. ఆ మనుషుల కోరిక అబద్ధం కాదు. మూడేండ్ల తర్వాత, 2017 అక్టోబరు 22న, అదే వెనెతోలో ప్రాంతీయ ప్రభుత్వం ఎక్కువ స్వయంప్రతిపత్తి కావాల్నా అని చట్టబద్ధంగ అడిగింది. 57 శాతం మంది వచ్చిన్రు, 98 శాతం అవునన్నరు. ఆ అంకెను రోము కొట్టిపారేయలేకపోయింది, చర్చలకు కూసున్నది. ప్రశ్న చిన్నదైనా జాబితా గట్టిది.

విడిగ దేశం కావాలనే స్పెయిన్‌లోని కాటలోనియా వాళ్లది వేరే తీరు. 2009 సెప్టెంబరు 13న అరేన్స్ దె మున్ అనే చిన్న పట్నంలో స్థానికులు సొంతంగ ఓటు పెట్టుకున్నరు. ఫోను కాదు, కాగితం. దాన్ని చూసి రెండేండ్లలో ఐదువందలకు పైగ పట్నాలు, ఊర్లు అదే పని చేసినయి. వాలంటీర్లే బల్లలు వేసిన్రు, వాలంటీర్లే లెక్కపెట్టిన్రు. ఓటు శాతం తక్కువ వచ్చిన కాడ తక్కువనే చెప్పిన్రు. నాకు వాళ్ల మీద గౌరవం ఎక్కువ ఇందుకే. ఆ తర్వాత 2014 నవంబరు 9న కాటలోనియా మొత్తంల సుమారు 23 లక్షల మంది ఓటేసిన్రు. 2017 అక్టోబరు 1న, రాజ్యాంగ న్యాయస్థానం వద్దన్నా, పోలీసులు లాఠీలు ఎత్తినా, దాదాపు 23 లక్షల ఓట్లు లెక్కకు వచ్చినయి. 90 శాతం కావాలన్నరు, కానీ వచ్చింది 43 శాతం ఓటర్లు. ఆ పొద్దుగాలనే, ఎవరు ఏ కేంద్రంలోనైనా ఓటేయొచ్చని నిర్వాహకులు ప్రకటించిన్రు. ఒక మనిషి రెండుసార్లు వేయకుండ ఆన్‌లైన్ జాబితాతోని సరిచూడాలె. పోలీసులు ఆ జాబితాకు నెట్టు తెంపిన్రు. స్కూళ్లలో వాలంటీర్లు ఫోన్ల సిగ్నల్ పట్టుకుంటూ, పేర్లు తెరుచుకునేదాకా వరుసను ఆపి నిలబడ్డరు. జాబితా ఆన్‌లైన్‌లో ఉంటే దాన్ని ఆపేటోడి చేతికి ఒక స్విచ్చు ఇచ్చినట్టే. ఇక వద్దనుకునేటోళ్లు ఎక్కువమంది ఇండ్లలోనే ఉండిపోయిన్రు. మిగిలిన 57 శాతం మంది మనసు ఏందో ఆ ఓటు చెప్పలేకపోయింది. 2019లో తొమ్మిది మంది నాయకులకు 9 నుంచి 13 ఏండ్ల జైలు శిక్షలు పడ్డయి, 2021లో క్షమాభిక్ష వచ్చింది.

హాంకాంగ్ సంగతి కొంచెం నిదానంగ వినుండ్రి. 2014 జూన్ 20 నుంచి 29 దాకా అక్కడి విశ్వవిద్యాలయం అభిప్రాయ సేకరణ విభాగం నడిపిన పౌర ఓటు అది. విడిపోతమని కాదు, తమ ప్రభుత్వాధినేతను ఏ పద్ధతిలో ఎన్నుకోవాలనే ప్రశ్న. దాదాపు 7.9 లక్షల మంది ఓటేసిన్రు. వెబ్‌సైటు, యాప్, కొన్ని పోలింగ్ కేంద్రాలు. గుర్తింపు కార్డు నంబరు, ఫోను నంబరు ఇయ్యాలె, ఎస్ఎంఎస్‌లో కోడు వస్తది. ఓటింగు మొదలుకాకముందే ఆ సైటు మీద ప్రపంచంలో అప్పటిదాకా చూసిన పెద్ద దాడుల్లో ఒకటి జరిగింది. కోట్ల కొద్ది అబద్ధపు రిక్వెస్టులు గుప్పించి కూలగొట్టాలని చూసిన్రు, కూలలేదు. సాంకేతికంగ అది గెలుపే.

2020 జులైకి వద్దాం. ప్రజాస్వామ్యవాదులు తమ అభ్యర్థులను ఎంచుకునెటందుకు ప్రైమరీ పెట్టుకున్నరు. ఆరు లక్షలకు పైగ మంది వరుసల్లో నిలబడి ఫోన్లతోని ఓటేసిన్రు. ఓటింగుకు ముందు రాత్రే దాన్ని నడిపే అభిప్రాయ సేకరణ సంస్థ ఆఫీసులో పోలీసులు సోదాలు చేసిన్రు. అప్పటికే జాతీయ భద్రతా చట్టం వచ్చింది. 2021 జనవరిలో అరెస్టులు, 47 మంది మీద కేసు. 2024 నవంబరులో 45 మందికి నాలుగు నుంచి పదేండ్ల దాకా శిక్షలు. ఓటింగు పెట్టుకున్నందుకు, పోటీ చేసినందుకు.

ఆరు లక్షల మంది గుర్తింపు నంబర్లు, ఫోను నంబర్లు ఒక కంప్యూటర్లో ఉంటే, ఆ కంప్యూటరు పోలీసుల చేతికి పోతే ఏమైతది? సర్కారు ఎన్నికలో జాబితా మనకు రక్షణ. సర్కారుకు ఇష్టం లేని ఓటులో అదే జాబితా ప్రమాదం. జాబితా లేకుంటే ఓటును ఎవ్వరూ నమ్మరు, జాబితా ఉంటే ఓటేసినోడు దొరికిపోతడు. ఆన్‌లైన్ ఓటు గురించి ఉత్సాహంగ మాట్లాడే యువకులు నాకు చాలామంది తెలుసు, నాకు ఇష్టమైనోళ్లే. వాళ్లలో ఎక్కువమంది ఈ ముడిని విప్పకుండనే యాప్ తయారు చేస్తమంటరు.

సాంకేతిక పరిజ్ఞానం లేదని కాదు. ఎస్టోనియా 2005 నుంచి ఇంటర్నెట్ ఓటు నడుపుతున్నది. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగ ఓట్లు ఆన్‌లైన్‌లోనే పడ్డయి. ప్రతి పౌరునికి చిప్ ఉన్న గుర్తింపు కార్డు, దానికి రహస్య పిన్. ఓటు రెండు పొరల్లో పోతది: లోపలి పొరలో తాళం వేసిన ఓటు, బయటి పొర మీద మనిషి సంతకం. లెక్కపెట్టే ముందు బయటి పొర తీసేస్తరు. నాకు అన్నిటికంటె నచ్చింది ఇది: ఓటు మళ్ల మళ్ల వేయొచ్చు, చివరిదే లెక్క. ఎవరన్న పక్కన కూసొని బలవంతంగ వేయిస్తే, వాళ్లు పోయినంక మళ్ల వేసుకోవచ్చు. బూత్‌కు పోయి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దు. అంత పకడ్బందీ ఏర్పాటు ఎవరు చేయగలిగిన్రు? ఒక రాజ్యం, తన కార్డులు తానే ఇచ్చుకునే రాజ్యం. వాలంటీర్లకు ఆ కార్డు ఎవరిస్తరు? 2010లో అమెరికా రాజధాని వాషింగ్టన్ తన ఇంటర్నెట్ ఓటింగును పరీక్షకు పెట్టింది, వచ్చి దాడి చేసి చూపెట్టుండ్రి అన్నది. మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం 48 గంటల్లోపు మొత్తం చేతిలోకి తీసుకున్నది, పడ్డ ఓట్లను మార్చేసింది. ఓటేసినంక తమ యూనివర్సిటీ పాట మోగేటట్టు పెట్టి పోయిన్రు. ఆ పాట వినపడుతున్నా అధికారులకు వెంటనే తెల్వలేదు. దాచుకోకుండ అందరి ముంగట పరీక్షకు పెట్టినందుకు ఆ నగరాన్ని నేను మెచ్చుకుంట.

మన కాడికి వద్దాం. 2021 అక్టోబరులో మన రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మం జిల్లాలో ఫోన్ ద్వారా ఓటేసే నమూనా పరీక్ష పెట్టింది. 2025 జూన్‌లో బీహార్ మున్సిపల్ ఎన్నికల్లో యాప్‌తోని నిజంగనే ఓటేయించిన్రు. ఇవి వస్తనే ఉంటయి. కానీ మీసేవ సెంటర్ కాడ ఒక గంట నిలబడి చూడుండ్రి. పింఛను పని మీద ముసలమ్మ వస్తది. ఆధార్‌కు కలిసిన నంబరు కొడుకుది, కొడుకు హైదరాబాద్‌లో ఉంటడు. ఫోన్ చేస్తరు, ఓటీపీ వస్తది, ఆయన ఫోన్లో గట్టిగ చదువుతడు, అవ్వ ఆపరేటర్‌కు తిరిగి చెప్తది, వెనక నిలబడ్డ పదిమందీ వింటరు. పని అయిపోతది, అందరూ సంతోషం. పింఛనుకు అది సాయం. ఓటుకు అదే తీరు అయితే ఆ అవ్వ ఓటు వేసినట్టా, కొడుకు వేసినట్టా, ఆపరేటర్ వేసినట్టా? చాలా ఇండ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది మొగోడి జేబులో ఉంటది. బూత్‌లో ఆ అట్టముక్క వెనక నిలబడ్డ రెండు నిమిషాలే కొందరు ఆడోళ్లకు బతుకులో ఎవ్వరూ చూడని రెండు నిమిషాలు. ఆన్‌లైన్ ఓటు ఆ అట్టముక్కను తీసేస్తది. దాని జాగల ఏం పెడ్తమో చెప్పకుండ నాకు రాసిన లెక్కను ఎవ్వరూ మార్చకుండ చేసే బ్లాక్‌చెయిన్ సాంకేతికత గురించి చెప్పొద్దు.

అట్లయితే ప్రజలు ఏం చేయాలె అని మీరు అడుగుతరు. నేను చూపెట్టేది ఒడిశాలోని నియంగిరి. బాక్సైట్ తవ్వకం కావాల్నా వద్దా అనేది అక్కడి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఎంపిక చేసింది 12 ఊర్లు. చిన్న చిన్న పల్లెలు, కొండ మీద డోంగ్రియా కోందు ఆదివాసుల ఇండ్లు. జిల్లా జడ్జి వచ్చి పరిశీలకుడిగ కూసున్నరు. ఒక్కొక్కరు లేచి తమ దేవుడి కొండ గురించి, చెట్ల గురించి, వాగుల గురించి చెప్పిన్రు. పన్నెండుకు పన్నెండు వద్దన్నయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి తిరస్కరించింది. వెనెతోలో 23 లక్షలు చేయలేనిది ఈ పన్నెండు పల్లెలు చేసినయి. జాబితా గ్రామసభది, ప్రశ్న ఒక్కటే, చూసేటోడు బయటి మనిషి. నా దృష్టిలో అది స్వయం నిర్ణయమే, జెండా లేకపోయినా.

మన నల్లమల కూడ అట్లనే ఒక అంచు దాకా పోయి వచ్చింది. 2019లో అమ్రాబాద్ అడవిలో యురేనియం అన్వేషణ అన్నప్పుడు లక్షల మంది ఆన్‌లైన్‌లో గొంతు కలిపిన్రు. సెప్టెంబరులో మన శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఆన్‌లైన్ సంతకాలు ఒత్తిడి తెచ్చినయి, దాన్ని నేను కాదనను. కానీ ఆ సంతకాల్లో ఆ అడవిలో బతికే చెంచుల పెంటల నుంచి వచ్చినవి ఎన్ని? హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవి ఎన్ని? రేపు ఇంకోసారి అదే ప్రశ్న వస్తే, చెంచులు తామే రాసిన జాబితాతోని, తామే వేసిన ఓటు చేతిలో ఉండాలె. పట్నపోళ్ల సంతకాలు దాని వెనక నిలబడొచ్చు, దాని ముందు కాదు.

జాబితా ఎట్ల రాయాల్నో మనకు కొత్తగ ఎవరూ నేర్పనక్కర లేదు. ఉపాధి హామీ సోషల్ ఆడిట్లు చూసినం. ఊరి మధ్యల కూసొని మస్టర్‌లో ఉన్న పేర్లు గట్టిగ చదువుతరు. "ఈ మనిషి పనికి రాలే", "ఈమె చచ్చిపోయి ఏడాదైంది" అని జనమే లేచి చెప్తరు. నీళ్ల గురించో, గని గురించో, ఫార్మా కంపెనీ గురించో ఊరు ఓటు పెట్టుకోవాలనుకుంటే జాబితాను మొదలు అట్ల చదువుండ్రి. ఓటేసిన తర్వాత ఎవరు ఏం వేసిన్రో తెలిపే కాగితం గానీ ఫైలు గానీ మిగలనియ్యొద్దు. కావాలన్నోళ్లు ఎంతమందో, వద్దన్నోళ్లు ఎంతమందో, రానోళ్లు ఎంతమందో మూడూ గోడ మీద రాయుండ్రి. వద్దనేటోళ్ల మనిషిని ఒకరిని లెక్కింపు కాడ కూసోపెట్టుండ్రి. ఫోను కావాలంటే దూరంగ ఉన్నోళ్లకు మాత్రం వాడుండ్రి.

వెనక నుంచి ఒక చెల్లె చీటీ పంపింది. "సార్, మా నాయిన పాలమూరు నుంచి బొంబాయి పోయి బిల్డింగు పని చేస్తడు. మీరు చెప్పే జాబితాలో మా నాయిన ఉంటడా?" అని.

ఉండాలె. ఇది ప్రపంచం తేల్చని ప్రశ్న. 2014లో స్కాట్లాండ్ రెఫరెండంలో ఆ రోజు స్కాట్లాండ్‌లో నివాసం ఉన్నోళ్లకే ఓటు. లండన్‌లో బతికే స్కాట్లాండ్ బిడ్డకు ఓటు లేకపాయె. 1999లో తూర్పు తిమోర్‌లో ఐక్యరాజ్య సమితి ఓటు పెట్టినప్పుడు ఆస్ట్రేలియాలో, పోర్చుగల్‌లో తలదాచుకున్నోళ్లకు కూడ కేంద్రాలు పెట్టిన్రు. నేను తిమోర్ దిక్కే ఉంట. బతుకుదెరువుకు పోయినోడు ఊరును వదులుకున్నట్టు కాదు. మన ఎన్నికల సంఘం 2023 జనవరిలో వలస కూలీల కోసం ఒక్కదాంట్లో 72 నియోజకవర్గాల ఓట్లు వేసే రిమోట్ యంత్రాన్ని పార్టీలకు చూపెట్టింది. పార్టీలు ఒప్పుకోక అది ముందుకు పోలేదు. కాబట్టి ఇప్పటికి మీ నాయిన ఓటేయాలంటే రైలెక్కి రావాలె, కూలి పోగొట్టుకోవాలె. ఆన్‌లైన్ ఓటు ఎవరికన్న నిజంగ అవసరమంటే ఆయనకే అవసరం. అయితే ఆయన ఉండేది గుంపు మేస్త్రీ వేసిన రేకుల షెడ్లో, అప్పు తీసుకున్నది ఆ మేస్త్రీ దగ్గరే, ఫోను ఛార్జింగ్ పెట్టేది కూడ ఆ మేస్త్రీ గదిలోనే కావచ్చు. ఓటీపీ మెసేజ్‌ను మేస్త్రీ చదవకుండ ఎట్ల ఆపుతం అనేది ఇక్కడ కంప్యూటర్ చదివే పిల్లలు చెప్పాలె. మైకు అటు ఇయ్యుండ్రి.